చలికాలమంతా ఆరుబయట ఉండే బోటు: ఏ బరకం కొనాలి?

నోవై_బోటు | అక్టోబర్ 4

అందరికీ నమస్కారం. జూన్‌లో ఒక పాత బోటు కొన్నాను. 19 అడుగుల పొడవు, మెర్‌క్రూజర్ 4.3 లీటర్ల వి6 ఇంజన్, వెనక స్టెర్న్‌డ్రైవ్ (ప్రొపెల్లర్ ఉండే భాగం). వేసవంతా ఇక్కడ మిషిగన్‌లో లేక్ సెయింట్ క్లెయిర్‌లో తిరిగాం. మా పాప తన మొదటి చేపని పట్టింది ఈ బోటులోనే. అందుకే ఇంట్లో అందరికీ దీని మీద ప్రాణం.

ఇప్పుడు చలికాలం వస్తోంది. గ్యారేజీలో పట్టదు. షెడ్డు లోపల పెట్టుకునే స్టోరేజీ అడిగాను, మేం పెట్టగలిగినంత కాదు. కాబట్టి ఇంటి పక్కన గడ్డిలో, ట్రైలర్ మీదే ఏప్రిల్ దాకా ఉంచాలి. నా ప్రశ్న ఒక్కటే. ఏ బరకం (టార్పాలిన్) కొనాలి? నీలి రంగుది చవక. వెండి రంగు మందపాటిది ఇంకొంచెం ఎక్కువ. ష్రింక్ రాప్ (ప్లాస్టిక్‌ని వేడితో బిగించి చుట్టడం) చేయిస్తే అడుగుకి 20 డాలర్లు అన్నారు.

ఇంజన్ సంగతి పాత యజమాని చెప్పాడు. డ్రైవ్‌కి మఫ్స్ (నీళ్ళు పీల్చే రంధ్రాల మీద పెట్టే రబ్బరు కప్పులు) తగిలించి, బకెట్‌లోంచి పింక్ యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టకుండా పోసే ద్రవం) లాగించి, ఎగ్జాస్ట్‌లోంచి గులాబీ రంగు రాగానే ఆపేస్తే పని అయిపోయినట్టేనట. ఆరు గ్యాలన్లు తెచ్చి పెట్టుకున్నాను. 15వ తారీఖు రాత్రి 28 డిగ్రీల ఫారెన్‌హీట్ (నీళ్ళు గడ్డకట్టేంత చలి) అంటున్నారు, అదే టెన్షన్.


గోదారి_గట్టు | అక్టోబర్ 4

బాబూ, బరకం సంగతి పదిరోజులు పక్కన పెట్టు. ముందు ఇంజన్. నీకు ఆయన చెప్పిన పద్ధతిలో పెద్ద లోపం ఉంది.

నీ ఇంజన్ సరస్సు నీళ్ళతోనే చల్లబడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకునే కవాటం) మూసుకుని ఉంటుంది. అది మూసి ఉన్నంతసేపూ నువ్వు లాగించే యాంటీఫ్రీజ్ బ్లాక్ (ఇంజన్ ప్రధాన ఇనప దిమ్మ) లోపలికి పోదు. పక్కదారిన మానిఫోల్డుల్లోకి (ఇంజన్ పొగ బయటికి పోయే దారుల్లోకి) పోయి, ఎగ్జాస్ట్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. బయట చక్కగా గులాబీ రంగు కనిపిస్తుంది. బ్లాక్ నిండా మాత్రం సరస్సు నీళ్ళే ఉంటాయి.

నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి. ఆ పెరుగుదలకి పోత ఇనుము ఆగదు.

ఒకవేళ ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నా, లోపలున్న నీళ్ళు పింక్‌లో కలిసి దాన్ని పలచన చేస్తాయి. ఆ డబ్బా మీద -50 అని రాసి ఉంటుంది, చూశావా? పైపులు పగలకుండా కాపాడే హద్దు అది, గడ్డకట్టడం మొదలయ్యే డిగ్రీ కాదు. ఆ పింక్ 10, 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే గోలీసోడా ఐసులా ముద్దకడుతుంది. దానికి నీళ్ళు కూడా కలిస్తే ఇంక ఏం మిగులుతుంది?

ముందు నీళ్ళు పూర్తిగా దించాలి. ఆ తర్వాతే పింక్ పోయాలి. ఆ తర్వాత బరకం.


మంచుపూలు | అక్టోబర్ 4

గోదారి_గట్టు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. నాలుగేళ్ళ క్రితం మేం అచ్చం ఆ బకెట్ పద్ధతే చేశాం. ఎగ్జాస్ట్‌లోంచి గులాబీ రంగు రావడం నేనే నా కళ్ళతో చూశాను, ఫోటో కూడా తీశాను. బరకం బ్రహ్మాండంగా కట్టాం, ఒక్క చుక్క లోపలికి పోలేదు.

మేలో ఇంజన్ స్టార్టయింది. పది నిమిషాలు నడిచింది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. మెకానిక్ టార్చి వేసి చూపించాడు. బ్లాక్ పక్కన, మోటార్ మౌంట్‌కి పైన, వెంట్రుకంత గీత. ఆ గీత ఖరీదు కొత్త ఇంజన్. బోటు కొన్న ధరలో సగం పైన అయింది. ఇన్సూరెన్స్ వాళ్ళు మాకు ఏమీ ఇవ్వలేదు. గడ్డకట్టడం వల్ల జరిగిన నష్టం పాలసీలో లేదన్నారు. మీ పాలసీలో ఆ మాట ఏముందో ఈ వారమే చదవండి. కొన్ని పాలసీలు షాపులో వింటరైజ్ (చలికాలానికి సిద్ధం) చేయించిన రసీదు ఉంటేనే ఒప్పుకుంటాయి.

దయచేసి ఆ గులాబీ రంగుని నమ్మకండి.


నోవై_బోటు | అక్టోబర్ 5

మీ ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు. నీళ్ళు దించడం అంటే ఎక్కడెక్కడ దించాలి? నాకు పానాలు పట్టుకోవడం వచ్చు, కానీ బోటు ఇంజన్ ఇదే మొదటిసారి.


గోదారి_గట్టు | అక్టోబర్ 5

పానాలు పట్టుకోవడం వస్తే చాలు. వరస చెప్తాను, వరస తప్పొద్దు.

పెట్రోలు ట్యాంకు దాదాపు నిండా కొట్టించు, పైన కాస్త ఖాళీ ఉంచు. స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కలిపే మందు) సీసా మీద చెప్పిన కొలత ప్రకారం ముందు అది పోసి, తర్వాత పెట్రోలు కొట్టిస్తే బాగా కలుస్తుంది. ఇక్కడ పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీలుస్తుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. ఇంజన్ పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. తర్వాత మఫ్స్‌కి తోట పైపు తగిలించి, నీళ్ళు వదిలి, ఇంజన్‌ని 10, 15 నిమిషాలు నడుపు. స్టెబిలైజర్ కలిసిన పెట్రోలు కార్బ్యురేటర్ దాకా చేరాలి. నీళ్ళు లేకుండా ఒక్క క్షణం కూడా నడపకు, పంపులో రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది.

వేడిగా ఉండగానే ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చు. వాడిన ఆయిల్లో ఆమ్లాలు ఉంటాయి, వాటిని ఆరు నెలలు బేరింగుల మీద కూర్చోబెట్టకూడదు. ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టేది) కొట్టాలా వద్దా అనేది నీ మాన్యువల్ చూసుకో. కార్బ్యురేటర్‌కి ఒక పద్ధతి, ఇంజెక్షన్‌కి ఇంకో పద్ధతి.

ఇప్పుడు నీళ్ళు. బ్లాక్‌కి రెండు పక్కలా ఒక్కో ప్లగ్. రెండు ఎగ్జాస్ట్ మానిఫోల్డులకి ఒక్కోటి. సర్క్యులేటింగ్ పంపు నుంచి కిందికి వచ్చే లావు గొట్టం ఊడదీయాలి, దాని కడుపులో చాలా నీళ్ళుంటాయి. కొన్ని మోడళ్ళలో ఇవి నీలి రంగు ప్లాస్టిక్ ప్లగ్గులుగా వస్తాయి, అన్నీ ఒకేచోట దించే ఏర్పాటు కూడా ఉంటుంది. నీ మాన్యువల్లో ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకో. విప్పిన ప్రతి ప్లగ్‌నీ ఒక గిన్నెలో వేసి, చివర లెక్క చూసుకో.

ప్రతి రంధ్రంలోనూ తీగ పెట్టి పొడువు. నీళ్ళు వచ్చినా సరే పొడువు. రాకపోతే ఇంకా గట్టిగా పొడువు. అడుగున తుప్పు, ఇసక పేరుకుని రంధ్రం మూసుకుపోతుంది. ‘ఏమీ రాలేదు, అంటే ఖాళీగా ఉంది’ అనుకున్నవాళ్ళ బ్లాకులే ఎక్కువగా పగుల్తాయి.

అన్నీ కారిపోయాక ప్లగ్గులు బిగించి, థర్మోస్టాట్ దగ్గరున్న గొట్టాలు ఊడదీసి, పై నుంచి పింక్ పొయ్యి. బ్లాక్‌లోకి, రెండు మానిఫోల్డుల్లోకి, పొంగి బయటికి వచ్చేదాకా. డబ్బా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉండాలి. కార్లలో పోసే ఆకుపచ్చ రకం ఇథిలీన్ గ్లైకాల్ విషం. నేల మీద కారితే తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. వసంతంలో అదే సరస్సులోకి పోతుంది.

చివరగా, డ్రైవ్‌ని పూర్తిగా కిందికి దించి వదిలెయ్. పైకెత్తి పెడితే లోపల నీళ్ళు నిలుస్తాయి, బెల్లోస్ (డ్రైవ్‌కీ బోటుకీ మధ్య ఉండే ముడతల గొట్టం) రబ్బరు కూడా ముడతల్లో గట్టిపడుతుంది.


వరంగల్_టు_మినెటోంకా | అక్టోబర్ 6

అన్నా, మాది మినెసోటా. మీకన్నా చలి ఇంకా గట్టిగా ఉంటది. గోదారి అన్న ఇంజన్ మొత్తం చెప్పేశారు, నేను బ్యాటరీ సంగతి చెప్తా.

బ్యాటరీని బోటులో వదిలిపెట్టొద్దు. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ మా దగ్గర జనవరి చలిలో కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మాత్రం 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి డొక్క పగులుతుంది. బోటు ఆపేసినా రేడియో మెమరీ, బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్ళు తోడేది) స్విచ్ కొంచెం కొంచెం తింటూనే ఉంటయి. విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి, నెలకోసారి చార్జ్ పెట్టండి. కాంక్రీటు నేల మీద పెడితే దిగిపోతుందని మా మామ ఇప్పటికీ అంటడు. పాతకాలం బ్యాటరీ పెట్టెల సంగతి అది, ఇప్పటి ప్లాస్టిక్ డొక్కలకి ఆ భయం లేదు.

ఇంకోటి. వెనక ఉన్న డ్రెయిన్ ప్లగ్ తీసెయ్యండి. ఇక్కడ మినెసోటాలో, మీ మిషిగన్‌లో కూడా, రోడ్డెక్కేటప్పుడు అది తీసి ఉండాలనేది చట్టమే. జీబ్రా మస్సెల్స్ (ఒక రకం చిన్న ఆల్చిప్పలు) ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పోకుండా. చలికాలంలో కూడా తీసే ఉంచాలి. ట్రైలర్ ముందు భాగం ఎత్తుగా పెట్టాలి, బరకం కింద ఎక్కడన్నా నీళ్ళు దిగినా వెనక నుంచి కారిపోతయి. తీసిన ప్లగ్‌ని తాళంచెవికి కట్టెయ్యండి. తాళంచెవి పట్టుకోకుండా బోటు నీళ్ళలోకి దిగదు కదా.


ఉప్పాడ_ఉప్పుగాలి | అక్టోబర్ 7

నమస్తే అండి. నేను ఓహాయోలో, లేక్ ఈరీ పక్కన ఉంటాను. పుట్టింది ఉప్పాడ. మా నాన్నగారు చేపల వేటకెళ్ళేవారు.

ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఊళ్ళో వేట నిషేధం రోజులు గుర్తొచ్చాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే. ఇక్కడ చలికి ఆగుతాయి, అక్కడ చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆగుతాయి. మా నాన్నగారు బోటు ఒడ్డుకి లాగిన రోజునే ఇంజన్‌ని మంచినీళ్ళతో కడిగించేవారు. ‘రేపు చూద్దాం’ అనడం నేనెప్పుడూ వినలేదు. ఉప్పు ఒక్క రాత్రిలో పని మొదలుపెడుతుందనేవారు. బోటు కింద దుంగలు పెట్టి, పైన తాటాకులు వేసేవారు. తాటాకు నీడనిస్తుంది, గాలిని ఆపదు. బరకం బిగించి కట్టిన పక్కవాళ్ళ బోటు చెక్క లోపల్లోపలే మగ్గిపోవడం నేను చూశాను. ఆ పాఠం ఇక్కడ ఫైబర్ బోటుకీ వర్తిస్తుంది, బరకం దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ఇప్పుడు అర్జెంటుగా ఒక్కటి. గేర్ ఆయిల్ ఎవరూ చెప్పలేదు. డ్రైవ్ అడుగున ఉన్న స్క్రూ విప్పి, తర్వాత పైన గాలి స్క్రూ విప్పండి. మొదట ఏం కారుతుందో దగ్గరుండి చూడండి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు, చేరి ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్ తెల్లగా, మజ్జిగ కలిసినట్టు ఉంటే ఎక్కడో సీలు పోయినట్టు. ఆ నీళ్ళతోనే చలికాలంలోకి వెళ్తే గేర్ కేసు పగులుతుంది.


నోవై_బోటు | అక్టోబర్ 11

అప్డేట్. ఈరోజు ఉదయం ఏడింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా చేశాను. మా ఆవిడ కాగితం మీద ప్లగ్గుల లెక్క రాసింది.

పెట్రోలు, స్టెబిలైజర్, ఆయిల్, ఫిల్టర్ అయ్యాయి. బ్లాక్‌కి కుడి పక్క ప్లగ్ విప్పగానే నీళ్ళు ధారగా వచ్చాయి. ఎడమ పక్క విప్పితే ఒక్క చుక్క రాలేదు. గోదారి_గట్టు గారి మాట గుర్తొచ్చి ఇనప తీగ పెట్టి పొడిచాను. ఏదో మెత్తగా తగిలింది. ఇంకా పొడిస్తే ఎర్రటి తుప్పు బురద ఊడిపడింది, ఆ వెనకే నీళ్ళు. కింద పెట్టిన డబ్బాలో కొలిస్తే లీటరున్నర పైనే. ఆ డబ్బా వంక చూస్తూ కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మంచుపూలు గారూ, గోదారి_గట్టు గారూ, మీరు రాయకపోతే ఆ నీళ్ళు లోపలే ఉండేవి.

పింక్ పై నుంచి పోశాను. ఆరు గ్యాలన్లు సరిపోయాయి.

ఇక చెడ్డ వార్త. గేర్ ఆయిల్ మంచుపూలు గారు చెప్పిన పాల కాఫీ రంగులో ఉంది. అంతకుముందు రెండు చెంచాల నీళ్ళు కూడా కారాయి. ఇప్పుడేం చెయ్యాలి?


ఉప్పాడ_ఉప్పుగాలి | అక్టోబర్ 11

కంగారు పడకండి, ఇది అక్టోబర్‌లో తెలియడం మంచిదైంది. ప్రొపెల్లర్ ఊడదీసి వెనక షాఫ్ట్ మీద చూడండి. చేపల గాలం దారం చుట్టుకుని ఉందా? వేసవిలో పాప చేపలు పట్టిందన్నారు కదా, అందుకే అడుగుతున్నాను. తెగిపోయిన దారం ప్రొపెల్లర్‌లోకి పోయి, షాఫ్ట్‌కి చుట్టుకుని, తిరిగి తిరిగి సీలుని కోసేస్తుంది. మనం నైలాన్ దారం అనుకుంటాం, రబ్బరుకి అది కత్తి.


నోవై_బోటు | అక్టోబర్ 12

ఉంది! రెండు మూడు గజాల దారం, నల్లగా కాలి షాఫ్ట్‌కి అతుక్కుపోయి ఉంది. డ్రైవ్‌ని షాపుకి ఇచ్చాను. ప్రెషర్ టెస్ట్ చేసి, సీళ్ళు మార్చి, కొత్త ఆయిల్ పోసి ఇస్తామన్నారు. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.


మంచుపూలు | అక్టోబర్ 12

చాలా సంతోషం. ఇక ఇప్పుడు బరకం గురించి మాట్లాడుకోవచ్చు.

నా ఓటు ష్రింక్ రాప్‌కే. బిగుతుగా ఉంటుంది, గాలికి కొట్టుకోదు, మంచు జారిపోతుంది. మేం ఆ దెబ్బ తిన్నాక ప్రతి ఏడూ అదే చేయిస్తున్నాం. గాలి ఆడే రంధ్రాలు కనీసం నాలుగు పెట్టమని అడగండి, జిప్ తలుపు కూడా. ఒక్క విషయం, దయచేసి మీరే చేద్దామనుకోకండి. ప్రొపేన్ మంటతో ఆ ప్లాస్టిక్‌ని బిగిస్తారు. పక్కనే నిండు పెట్రోలు ట్యాంకు ఉంటుంది.


వరంగల్_టు_మినెటోంకా | అక్టోబర్ 13

అక్కా, మీ బాధ తెలుసు గానీ ఇక్కడ నేను ఒప్పుకోను. ష్రింక్ రాప్ ప్రతి ఏడూ కొత్తది కొనాలి. ఏప్రిల్‌లో కోసి చెత్తలో పడేస్తం. రీసైకిల్ చేసే చోట్లు ఉన్నయి, కానీ తాళ్ళు, జిప్పులు వేరు చేసి ఇవ్వాలె, ఎంతమంది చేస్తరు? ఒక్కసారి ఫ్రేము కట్టుకుంటే పదేండ్లు వస్తది. తాడిపత్రి (మీరు బరకం అంటున్నదే) ఒక్కటే నాలుగైదేండ్లకోసారి మార్చుకోవాలె. 19 అడుగుల బోటుకి 380 డాలర్లు ప్రతి ఏడూ పెట్టుడు ఎందుకు?

నోవై అన్నా, నీలి తాడిపత్రి వద్దే వద్దు. పలచగా ఉంటది, డిసెంబర్ గాలికే కన్నాల దగ్గర చినుగుతది. వెండి రంగుది, మందంగా ఉన్నది తీసుకోండి. కానీ ఫ్రేము లేకుండా ఏది వేసినా దండగే.


మంచుపూలు | అక్టోబర్ 13

ఫ్రేము సరిగ్గా కట్టగలిగితే మీరన్నదే సరి, ఒప్పుకుంటాను. మా వారికి, నాకు ఆ ఓపిక లేదు, అందుకే మేం డబ్బు పెడుతున్నాం.


సింకో_చలిగాలి | అక్టోబర్ 13

నేను అంటారియోలో, లేక్ సింకో దగ్గర ఉంటాను. ఫ్రేము ఎందుకో అంకెల్లో చెప్తాను.

మీ బోటు పైభాగం సుమారు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, అంటే 160 చదరపు అడుగులు. దాని మీద అర అడుగు తడి మంచు నిలిస్తే 80 ఘనపుటడుగులు. తడి మంచు ఘనపుటడుగు 20 పౌన్ల దాకా తూగుతుంది. మొత్తం 1600 పౌన్లు, 700 కిలోలకి పైనే. విండ్‌షీల్డ్ ఆ బరువు ఆపదు. బరకం ఎక్కడ కొంచెం కుంగినా ముందు అక్కడ నీళ్ళు చేరతాయి, అవి గడ్డకడతాయి, ఆ గుంటలో మంచు నిలుస్తుంది, గుంట ఇంకా పెరుగుతుంది. అందుకే వాలు ముఖ్యం, బలం తర్వాత. మధ్యలో దూలం, బోటు అంచుకన్నా 4 అడుగుల ఎత్తులో. సగం వెడల్పు 4 అడుగులు కాబట్టి వాలు 45 డిగ్రీలు వస్తుంది. దానికి 20 బై 30 అడుగుల బరకం కావాలి.

దూలం కింద నిట్రాళ్ళు పెట్టే చోట బోటు నేల మీద చెక్క పలకలు వేయండి, మొనదేలి ఫైబర్‌ని గుచ్చకుండా. విండ్‌షీల్డ్ మూలలకి, క్లీట్లకి (తాళ్ళు కట్టే కొక్కేలకి), బరకం తగిలే ప్రతి మొనకీ పాత తివాచీ ముక్కలు చుట్టండి. ఆగకుండా రాసుకునే బరకం జెల్‌కోట్ (బోటు మీది నున్నటి పూత) మీద గరుకు కాగితం లాంటిది.

తాళ్ళు బోటు కడుపు కింద నుంచి ఈ పక్క నుంచి ఆ పక్కకి కట్టండి, లేదా ట్రైలర్‌కి కట్టండి. ఇది చదివే ఇంకెవరి బోటైనా స్టాండ్ల మీద ఉంటే, స్టాండ్లకి మాత్రం ఎప్పుడూ కట్టకండి. గాలికి బరకం ఎగిరినప్పుడల్లా తాడు స్టాండుని గుంజుతుంది, కొంచెం కొంచెంగా స్టాండు జరిగిపోతుంది, ఒక రాత్రి బోటు ఒరిగిపోతుంది. మా దగ్గర యార్డులో ఒరిగిన బోటుని నేను చూశాను.


ఉప్పాడ_ఉప్పుగాలి | అక్టోబర్ 14

తాటాకుల మాట ఇప్పుడు చెప్తాను. ముందూ వెనకా బరకాన్ని పూర్తిగా మూసేయకండి. పైన దూలం చివర్లలో చెరో పక్క చేయి పట్టేంత సందు ఉంచండి, ఆ సందు పైన బరకం చూరులా కిందికి దిగాలి. ఎండ వచ్చిన రోజున లోపల వేడెక్కుతుంది, రాత్రికి ఆ ఆవిరి చల్లబడి సీట్ల మీద కూర్చుంటుంది. మార్చిలో తెరిచేసరికి నల్ల బూజు. గాలి ఆడితే ఆ బాధ ఉండదు.

సీటు దిండ్లు, లైఫ్ జాకెట్లు, తాళ్ళు, ఫిష్ ఫైండర్ అన్నీ ఇంట్లోకి తెచ్చుకోండి. విప్పలేని సీట్లని నిలువుగా ఆనించండి, సామాన్ల అరల మూతలన్నీ తెరిచి ఉంచండి.


నోవై_బోటు | అక్టోబర్ 14

ఎలకల సంగతో? ఇంటి వెనకే పొదలున్నాయి. కలరా ఉండలు వేస్తే చాలా?


మంచుపూలు | అక్టోబర్ 14

కలరా ఉండలు మాత్రం వద్దండీ. మేం ఒక ఏడు వేశాం. ఎలకలు రాలేదో, వచ్చి పోయాయో తెలియదు గానీ, వాసన జులై దాకా పోలేదు. పిల్లలు కూర్చునే చోట ఆ నాఫ్తలీన్ ఆవిరి మంచిది కాదు. ఎగ్జాస్ట్ రంధ్రాలు, బ్లోయర్ గొట్టం మూతి, డ్రెయిన్ రంధ్రం, వీటిలో రాగి పీచు కుక్కండి. డ్రెయిన్ దగ్గర వదులుగా కుక్కండి, నీళ్ళు దిగాలి. ఏయే చోట్ల కుక్కారో కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించండి. వసంతంలో ఒక్కటి మర్చిపోయినా ప్రమాదం. బోటులో చిప్స్ ముక్క కూడా మిగలకుండా వాక్యూమ్ చేయండి.


గోదారి_గట్టు | అక్టోబర్ 15

ఈ రాత్రే ఆ 28 డిగ్రీలు. నీ ఇంజన్ నిశ్చింతగా ఉంది, నువ్వూ నిద్రపో.

ఒకటి మర్చిపోయాం. ట్రైలర్ గడ్డి మీద అన్నావు కదా. చక్రాల కింద, ముందు జాకీ కింద మందపాటి చెక్కలు వెయ్యి. మార్చిలో నేల కరిగి బురదైనప్పుడు జాకీ దిగబడితే ముందు భాగం వాలిపోతుంది, నీళ్ళన్నీ ముందుకే వచ్చి నిలుస్తాయి. వీల్ బేరింగులకి ఇప్పుడే గ్రీజు కొట్టు. చక్రాలకి అడ్డు పెట్టు.


నోవై_బోటు | నవంబర్ 2

డ్రైవ్ తిరిగి వచ్చింది, బిగించాను. ఫ్రేము నిన్న పూర్తయింది. దూలానికి రెండు బై నాలుగు అంగుళాల చెక్కలు కలిపి 20 అడుగులు చేశాను. నాలుగు నిట్రాళ్ళు. రెండు పక్కలా నాలుగడుగులకి ఒకటి చొప్పున వాసాలు. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. పశ్చిమగోదావరిలో తాటాకిళ్ళు నేసినవాళ్ళని చూసినవారు. వాసాల మధ్య దూరం ఆయనే కొలిచి చెప్పారు, ఆరడుగులకి ఒకటి చాలన్న నా లెక్క ఒప్పుకోలేదు.

వెండి రంగు బరకం, 20 బై 30. ముందూ వెనకా సందులు. తాళ్ళు కడుపు కింద నుంచి. బ్యాటరీ నేలమాళిగలో. ప్లగ్ తాళంచెవికి కట్టి, తాళంచెవి వంటింట్లో కొక్కానికి. ఫోటో పెట్టాను.


సింకో_చలిగాలి | నవంబర్ 2

ఫోటో చూశాను. దూలం బాగుంది. ఎడమ పక్క వెనక మూలలో బరకం కొంచెం వదులుగా కనిపిస్తోంది. మొదటి మంచు పడిన మర్నాడు ముందు అక్కడ చూడండి.


నోవై_బోటు | జనవరి 19

సింకో గారూ, మీరు చెప్పిన మూలే. మొన్న రాత్రి 9 అంగుళాలు పడింది. మిగతా అంతా జారిపోయింది. ఆ వెనక మూలలో మాత్రం స్నానాల తొట్టెంత గుంట, అందులో గడ్డ. లోపలికి దూరి, మెత్తటి చీపురుతో కింది నుంచి పైకి నెట్టాను, గడ్డ పగిలి జారింది. పై నుంచి పార పెట్టలేదు, ఈ చలిలో బరకం అప్పడంలా ఉంది. ఆ మూలలో ఇంకో వాసం వేసి, తాళ్ళన్నీ మళ్ళీ బిగించాను. లోపల పొడిగానే ఉంది. బూజు వాసన లేదు.


వరంగల్_టు_మినెటోంకా | జనవరి 19

గాలికి తాళ్ళు వదులైతయి అన్నా. ప్రతి పెద్ద గాలి తర్వాత ఒక చుట్టు తిరిగి రండి.


నోవై_బోటు | ఏప్రిల్ 26

నిన్న బరకం తీశాం. కాగితంలో రాసుకున్న ఐదు చోట్లా రాగి పీచు తీసేశాను, మా ఆవిడ ఒక్కొక్కటే కొట్టేసింది. ఎలకల జాడ లేదు. కుడి పక్క ఒక తాడు రాసుకున్న చోట జెల్‌కోట్ అరచేతంత మేర మసకబారింది. అక్కడ తివాచీ ముక్క జరిగిపోయింది, వచ్చే ఏడు దాన్ని కట్టి పెడతాను. ఒక అర మూత ఎలాగో పడిపోయి ఉంది, ఆ ఒక్క అరలోనే బూజు.

ఎడమ పక్క బ్లాక్ ప్లగ్ మళ్ళీ విప్పి చూశాను. శుభ్రమైన పింక్ వచ్చింది, డబ్బాలో పట్టి షాపులో ఇచ్చేశాను. మఫ్స్ పెట్టి స్టార్ట్ చేస్తే మూడో తిప్పుకి అందుకుంది. పదిహేను నిమిషాలు నడిపాక ఆయిల్ పుల్ల తీసి చూశాను. తేనె రంగు.

శనివారం సెయింట్ క్లెయిర్‌లో దింపుతున్నాం. పాప గాలం దారం కొత్తది కొనుక్కుంది. ప్రొపెల్లర్ ప్రతి నెలా విప్పి చూస్తానని ఉప్పాడ గారికి మాటిస్తున్నాను.


ఉప్పాడ_ఉప్పుగాలి | ఏప్రిల్ 26

చాలా సంతోషం అండి. మా ఊళ్ళో ఈ నెల 15 నుంచి బోట్లు ఒడ్డెక్కాయి, మీది నీళ్ళలోకి దిగుతోంది. శనివారం ర్యాంపు మీద ట్రైలర్ వెనక్కి నడిపే ముందు తాళంచెవికి కట్టిన ప్లగ్ బిగించండి.


నోవై_బోటు | ఏప్రిల్ 26

బిగించాను అండి. పానాతో ఇంకోసారి చూశాను కూడా.